ప్రేమమ్మ పొయ్యిని జరిపిన ఇంజను

నెత్తిమీద పత్తికట్టె మోపు, చంకలో మంచినీళ్ళ టిన్ను పెట్టుకుని ప్రేమమ్మ రేవులోకి దిగేసరికి, నావ వెనక కొసన ఉండాల్సిన పొయ్యి ముందు కొసన ఉంది. వెనక కొసన, పొయ్యి ఉండాల్సిన చోట, నీలం పట్టా కప్పుకుని ఏదో కూర్చుని ఉంది. దూరం నుంచి చూస్తే ఎవరో చుట్టం ముసుగుతన్ని కునుకు తీస్తున్నట్టుంది. నావెక్కి పట్టా లాగి చూస్తే ఇంజను.

"ఎవరు కదిలించారు నా పొయ్యిని?"

ఆ అడగడం మామూలుగా అడగడం కాదు. పక్క నావలో వల ఆరేసుకుంటున్న అయూబ్ వల వదిలేసి గూట్లోకి దూరాడు. ఆయనకీ ఆ పొయ్యికీ ఏ సంబంధమూ లేదు. అయినా మా అమ్మమ్మ ప్రేమమ్మ గొంతు ఆ మెట్టుకి ఎక్కినప్పుడు రేవులో మగవాళ్ళెవరూ ఎదురుగా ఉండరు.

మా తాత సంజీవరావు మాత్రం గూటి నీడలో కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్నాడు, వేపపుల్లతో. "నేనే" అన్నాడు. "ఇంజన్ ఎక్కడ పెట్టాలి మరి? నెత్తిన పెట్టుకోనా?"

"నన్నడిగావా?"

"నిన్నడిగేదేముందే? ఇంజన్‌కి చోటు వెనకే. పొయ్యిదేముంది, ఎక్కడైనా మండుద్ది. రెండు బారలు ముందుకి జరిగితే అన్నం ఉడకనంటదా?"

"పొగంతా గూట్లోకి వచ్చుద్ది."

"రానీ. దోమలు పోతాయి."

ప్రేమమ్మ మోపు దించి, టిన్ను దించి, పొయ్యి దగ్గరికి వెళ్ళి చూసింది. ఎడమ పక్క మట్టి విరిగింది. ఆ పొయ్యి బజారులో కొన్నది కాదు. నూనె డబ్బాని నిలువుగా కోయించి, అందులో ఇసక పరిచి, రేవుమట్టిలో వరిపొట్టు కలిపి తొక్కి, తన చేత్తో వేసుకున్నది. ఏటా క్రిస్మస్ ముందు దానికి సున్నం కూడా పెడుతుంది. విరిగిన ముక్కని చేతిలోకి తీసుకుని, అది ఎవరి ముఖానికి సరిపోతుందో చూస్తున్నట్టు కాసేపు పట్టుకుని, తర్వాత కింద పెట్టింది. అది ఆవిడ చేసిన దయ.

ఇక్కడ ఆ నావ సంగతి చెప్పాలి. ముగ్గురు మనుషులు కాళ్ళు చాపుకుని ఒకరి తర్వాత ఒకరు పడుకుంటే ఎంతో, అంతే పొడుగు. మధ్యలో వెదురుబద్దలు వంచి పైన పట్టా కప్పిన గూడు. గూటికి ముందు తెరచాప కొయ్య. తెరచాప యూరియా బస్తాలు విప్పి, దబ్బనంతో, పురికొసతో ప్రేమమ్మ కుట్టిందే. గూటి కింద ఒక ట్రంకు పెట్టె, బియ్యం డబ్బా, బైబిలు, మడతమంచం, రేవులో కిరాణా కొట్టుకి వెళ్ళి చార్జింగు పెట్టుకొచ్చే ఫోను. ఇల్లంటే అదే. కృష్ణానదిలో ఏ ఒడ్డుకి చేపలొస్తే ఇల్లు ఆ ఒడ్డుకి పోతుంది.

సంజీవరావు నావలో పుట్టి నావలో పెరిగినవాడు. నేల మీద నడిస్తే తాగకపోయినా కొంచెం తూలుతున్నట్టే ఉంటాడు. ప్రేమమ్మ అలా కాదు. అచ్చంపేట వైపు మిరపచేల మధ్య పుట్టింది. పెళ్ళయ్యేదాకా ఆమెకి తెలిసిన నీళ్ళు బిందెలో నీళ్ళే. కాపురానికొచ్చిన కొత్తలో గరిటె ఏట్లో పడింది, చెంబు పడింది, ఇత్తడి గిన్నె పడింది, ఒకసారి తనే పడింది. ఆ తర్వాత ప్రతిదానికీ తాడు కట్టడం మొదలుపెట్టింది. ఇప్పటికీ ఆ నావలో గరిటెకి తాడు, చెంబుకి తాడు, చీపురుకి తాడు, కోడిపెట్టకి తాడు. మొగుడికి ఒక్కడికే కట్టలేదు. అదే తను చేసిన తప్పని ఆ పొద్దున ఆమెకి గట్టిగా తోచింది.

తెల్లారితే ఆ ఇంటి పని నీళ్ళు తోడడంతో మొదలవుతుంది. రాత్రంతా అడుగున ఊరిన నీళ్ళని కోసిన డబ్బాతో తోడి పొయ్యాలి. తర్వాత ఊడ్చాలి. తర్వాత అంట్లు, ఒక చేత్తో గిన్నె పట్టుకుని, రెండో చేత్తో నావ అంచు పట్టుకుని, మూడో చేయి లేదు కాబట్టి నోటితో తాడు పట్టుకుని. బట్టలుతికి తెరచాప తాడు మీద ఆరేస్తుందా, సరిగ్గా అప్పుడే సంజీవరావుకి గాలి కనపడుతుంది.

"ఏమే, చీర తియ్యి. చాప ఎత్తాలి."

"ఆరనీ."

"నీ చీర ఆరేదాకా గాలి ఆగుద్దా?"

"నీ గాలి పోయాక చీర ఆరుద్దా?"

ఈ గొడవ వాళ్ళ పెళ్ళికి ఎంత వయసో అంత వయసుంది. దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు, ఒక లంగా తప్ప. అది గాలికి ఎగిరి అవతలి ఒడ్డున మిరపకాయలు ఆరబోసిన కల్లంలో పడి, మర్నాడు మంటెక్కి తిరిగొచ్చింది.

పొయ్యి సంగతి వేరు. పొయ్యి చోటు ప్రేమమ్మకి అత్త చూపించిన చోటు. నావకి లంగరు ముందు కొసన కడతారు. అందుకని నావ ఎక్కడ ఆగినా దాని ముక్కు గాలికి ఎదురు తిరిగి నిలబడుతుంది. వెనక కొసన పొయ్యి ఉంటే పొగ, నిప్పురవ్వ, అన్నీ నావని వదిలి ఏటి మీదకి పోతాయి. ముందు పెడితే అదే గాలి అన్నిటినీ గూట్లోకి తోస్తుంది. ఆకాశంలో మబ్బు తునక చూసి గాలి ఎప్పుడు మారుతుందో చెప్పే సంజీవరావుకి ఈ ముక్క తట్టలేదు. ఆయన పుట్టిన దగ్గర్నుంచి పొయ్యి వెనకే ఉంది, అన్నం ముందుకొచ్చింది. పొగ ఎటు పోతుందో చూడాల్సిన అవసరం ఆయనకి ఒక్క పూట కూడా రాలేదు.

ఇంజను వద్దని ప్రేమమ్మ ఎప్పుడూ అనలేదు. ఆయన కుడిభుజం పాడైంది. గాలి పడిపోయిన రోజున గెడ వేసి తోస్తూ ఉంటే పళ్ళు బిగించడం ఆమె చూస్తూనే ఉంది. రాత్రిళ్ళు ఆ భుజానికి ఆముదం రాసేది ఆమే. కానీ ఇంజను కొంటున్నానని చెప్పాడా? లేదు. రేవులో బళ్ళు బాగుచేసే సాల్మన్‌కి చెప్పాడు. అయూబ్‌కి చెప్పాడు. చివరికి చిలకలూరిపేట మిల్లులో పనిచేసే కూతురు జాస్మిన్‌కి, అంటే మా అమ్మకి, ఫోను చేసి మరీ చెప్పాడు. పొయ్యి తీసేది మాత్రం పొయ్యిగలావిడకి చెప్పలేదు.

అదంతా ఒకెత్తు. ఆ సాయంత్రం మరోటి బయటపడింది.

"రేపు సాయంత్రం అయ్యగారిని రమ్మన్నాను" అన్నాడు సంజీవరావు. ఇంజను తిప్పేముందు పాస్టరుగారి చేత నావలో ప్రార్థన పెట్టించడం వాళ్ళ వాళ్ళలో ఆనవాయితీ. కొత్త వలకైనా అంతే, కొత్త నావకైనా అంతే. "జాస్మిన్ కూడా వస్తంది. బొచ్చె చేప ఉంది కదా, పులుసు పెట్టు."

ప్రేమమ్మ విరిగిన పొయ్యికి మట్టి మెత్తుతోంది. తలెత్తకుండానే అంది: "అలాగేనండి."

అయూబ్ నావలో ఎవరో దగ్గారు. పెళ్ళయినప్పటి నుంచి ఆమె మొగుణ్ణి 'నువ్వు' అంది, 'ఏమయ్యా' అంది, అంతకన్నా పెద్దవి కూడా అంది. 'అండి' అందంటే కోపం తిట్ల హద్దు దాటిపోయిందని అర్థం. సంజీవరావు అది గమనించాల్సింది. ఆయన ఇంజనుకి గుడ్డ పెట్టి తుడుచుకుంటున్నాడు.

మట్టి ఆరాలి కాబట్టి ఆ రాత్రీ మర్నాడు పొద్దునా పొయ్యి వెలగలేదు. సంజీవరావు ఒడ్డున బండి మీద ఇడ్లీ తిన్నాడు. ప్రేమమ్మ మజ్జిగన్నం తిని, ఆయన ఎదురుగా గిన్నె బోర్లించింది.

మధ్యాహ్నం బస్సుకి జాస్మిన్ దిగింది. రాగానే తల్లి ముఖం చూసి, తండ్రి భుజం చూసి, తండ్రి పక్షం చేరింది.

"అమ్మా, ఆయన భుజం చూశావా? ఇంజన్ లేకపోతే ఎట్టాగే?"

"ఇంజన్ వద్దన్నానా?"

"మరి?"

"పొయ్యి ఎక్కడుందో చూడు."

జాస్మిన్ చూసింది. నావలో పెరిగిన పిల్ల, ఆమెకి ఎవరూ వివరించక్కర్లేదు. "ఓర్నాయనో" అంది. "పోనీ, సాల్మన్ వాళ్ళింట్లో గ్యాసుంది. అక్కడ వండి తెచ్చుకుందాం."

"ఏం? నాకు పొయ్యి లేదా?"

"పొగొస్తదని నాన్నకి చెప్పు."

"చెప్పాను. ఒకసారి చెప్పాను. మనిషికి చెవులు రెండున్నాయి కదా అని రెండుసార్లు చెప్పాలా?"

సాయంత్రం పాస్టరు ఏసురత్నం గారు తెల్లచొక్కా వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని నావెక్కారు. "వందనాలు అయ్యగారూ" అని సంజీవరావు గూట్లో చాప పరిచి కూర్చోబెట్టాడు. పక్కన సాల్మన్, జాస్మిన్. ఇంజను మీద జాస్మిన్ తెచ్చిన కనకాంబరాల దండ వేశారు. ముందు కొసన ప్రేమమ్మ పొయ్యి వెలిగించి, అన్నం వండి దించింది. అప్పటిదాకా గాలి లేదు. అయ్యగారు కళ్ళు మూసుకునే వేళకి పైరగాలి లేచింది.

ఆమె ప్రత్యేకంగా ఏమీ చెయ్యలేదు. రోజూ చేసేదే చేసింది. పత్తికట్టె విరిచి ఎగదోసింది. పులుసులోకి కారం అప్పటికప్పుడు కొట్టుకోవడం ఆమెకి అలవాటు, కొన్న కారప్పొడి ముట్టదు. మూకుడు పెట్టి, గుప్పెడు ఎండుమిరపకాయలు వేసి వేయించింది.

"ప్రభువా, ఈ కుటుంబానికి నువ్వు దయచేసిన ఈ ఇంజన్ని..." అని అయ్యగారు మొదలుపెట్టారు. ఆగారు. "ఈ ఇంజన్ని..." అని గొంతు సవరించుకున్నారు. కళ్ళవెంట ధారగా నీళ్ళు. సంజీవరావు ఒక కన్ను తెరిచి చూసి, అయ్యగారు ఇంత భారంగా ప్రార్థన చేస్తున్నారే అని తనూ కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక తెలిసింది అవి భక్తి నీళ్ళు కావని. సాల్మన్ ఇంకా ప్రార్థన సగం కూడా కాకుండానే "ఆమెన్!" అన్నాడు గట్టిగా. ఎవరూ లేవలేదు. మళ్ళీ "ఆమెన్!" అన్నాడు, ఈసారి బతిమాలుతున్నట్టు. తర్వాత దగ్గుతూ నావ పక్కనుంచి మోకాలిలోతు నీళ్ళలోకి దిగిపోయాడు, ప్యాంటుతో సహా.

"ఆపవే!" అని అరిచాడు సంజీవరావు.

"వంటేగండీ చేస్తున్నాను" అంది ప్రేమమ్మ. "ఎక్కడైనా మండుద్దన్నారు. మండుతోంది."

అయ్యగారు మొండి మనిషి. మిగిలిన ప్రార్థనని తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని రెండు ముక్కల్లో ముగించి, అప్పుడు గూట్లోంచి బయటికొచ్చి గాలి పీల్చారు. మూకుడు దిగింది. పులుసు ఎక్కింది, మరిగింది. కోపం కూడా సగం దిగినట్టే ఉంది. ఆమె మూతి చివర ఒక చిన్న నవ్వు కూడా మొలకెత్తిందని జాస్మిన్ ఇప్పటికీ చెబుతుంది.

పులుసు గిన్నె గుడ్డతో పట్టుకుని దించుతుండగా గాలి ఒక్కసారి తోసింది. పత్తికట్టె మండేటప్పుడు చిటపటలాడుతుంది. రవ్వలు గుప్పున లేచి, గూటి మీద చుట్టి కట్టిన తెరచాప మీద పడ్డాయి. యూరియా బస్తా ప్లాస్టిక్కే కదా. ముందు కమురు వాసన, తర్వాత చిన్న నీలిమంట.

"అమ్మా! చాప!" అని కేకేసింది జాస్మిన్.

కింద కృష్ణానది ఉంది. కోసిన డబ్బా కాలికి తగులుతూ ఉంది. మంచినీళ్ళ టిన్ను పక్కనే ఉంది. ప్రేమమ్మకి అవేవీ కనపడలేదు. చేతిలో పులుసు గిన్నె ఉంది. అదే విసిరికొట్టింది.

మంట ఆరింది. చింతపండు, కారం, చేపముక్కలు తెరచాప నిండా పరుచుకున్నాయి. బొచ్చె తోక ఎగిరి వెళ్ళి ఇంజను మీద, కనకాంబరాల దండ పక్కన పడింది. నీళ్ళలో ఉన్న సాల్మన్ ఇంకో నాలుగు దోసిళ్ళు చల్లి, "అయిపోయింది పిన్నీ, ఆరిపోయింది" అన్నాడు. ఆమె ఇంకా ఖాళీ గిన్నె పట్టుకునే ఉంది.

సంజీవరావు చాప విప్పి చూశాడు. అన్నం పళ్ళెమంత కన్నం. దాని అంచులు వేలితో తడిమాడు.

"కాల్చేశావు కదే చాపని."

అంతే. అంతకుముందు రోజు నుంచీ దాచుకున్నదంతా ఒక్కసారి కట్టతెంచుకుంది.

"నేను కాల్చానా? నేనా? అది కుట్టింది ఎవరు? వేళ్ళు చిల్లులు పడేట్టు ఎండాకాలమంతా కూర్చుని కుట్టాను. నేను కాల్చుకుంటానా? పొగొస్తదని చెప్పానా లేదా? దోమలు పోతాయన్నావు. పోయినాయా దోమలు? ఈ నావలో నువ్వు వలేస్తావు, పడుకుంటావు. మిగతాదంతా నేను. నీళ్ళు తోడేది నేను, ఊడ్చేది నేను, వర్షమొస్తే పట్టా పట్టుకు నిలబడేది నేను. ఇది నీకు నావ, నాకు ఇల్లు. నా ఇంట్లో పొయ్యి పీకి అవతల పెట్టినవాడివి, ఊళ్ళో అందరికీ చెప్పినవాడివి, నన్నొక్క మాట అడగడానికి నోరు పడిపోయిందా?"

మళ్ళీ 'నువ్వు'లోకి వచ్చిందని జాస్మిన్‌కి కొంచెం ధైర్యం వేసింది. సంజీవరావు అయ్యగారి వైపు చూశాడు, ఆదుకోమన్నట్టు.

"ఇంజన్ సంగతి నేను ప్రార్థన చేశానయ్యా" అన్నారు ఏసురత్నం గారు ముక్కు తుడుచుకుంటూ. "పొయ్యి సంగతి నువ్వే చూసుకోవాలి." అని, వేడన్నంలో గోంగూర పచ్చడి కలుపుకుని తినేసి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు చర్చి అయ్యాక జాస్మిన్ బస్సెక్కింది. మొగుడూ పెళ్ళాం చాపని ఒడ్డుకి లాక్కెళ్ళారు. పులుసు వాసనకి కాకులు ముందే వచ్చి కూర్చున్నాయి, రెండు కుక్కలు కూడా. ప్రేమమ్మ బట్టల సోడా చల్లి బండకేసి రుద్దుతోంది. అవతలి కొస పట్టుకుని సంజీవరావు ఎడంచేత్తో రుద్దుతున్నాడు. ఒకరు తమ వైపు కొంచెం గట్టిగా లాగితే రెండోవాళ్ళు ఇంకొంచెం గట్టిగా లాగారు. అలా లాగుతూ ఉంటే కన్నం దగ్గర చాప పర్రుమంది. ఇద్దరూ ఆగారు.

"ఇంజన్ ఎక్కడ పెట్టమంటావు?" అన్నాడు సంజీవరావు, చాపతో మాట్లాడుతున్నట్టు.

ప్రేమమ్మ వినపడనట్టు నురగ పిండింది.

"నిన్నేనే."

"ఏంటి?"

"ఇంజన్... ఎక్కడ పెడదాం?"

సాల్మన్ రేవులోకి దిగి వస్తున్నాడు. అతను దగ్గరికొచ్చేదాకా ఆగి, అప్పుడంది: "సరిగ్గా వినపడలా. మళ్ళీ అడుగు."

మూడోసారి, సాల్మన్ ముందు, అడగాల్సి వచ్చింది. సాల్మన్ చాలా శ్రద్ధగా ఆకాశంలోకి చూశాడు.

"పక్కకి పెట్టు" అంది. "అంచు మీద చెక్క వేసి బిగించండి. పొయ్యి నా చోట్లో నాకు పెట్టు."

"పక్కన పెడితే నావ ఒరుగుద్ది పిన్నీ" అన్నాడు సాల్మన్.

"రెండో పక్క బియ్యం డబ్బా, ట్రంకు పెట్టె పెడతాను. చాలకపోతే నేను కూర్చుంటాను. చాలనా?"

చాలదని చెప్పే ధైర్యం ఇద్దరికీ లేదు. నిజానికి చాలింది కూడా. సాయంత్రానికి ఇంజను పక్కకి వెళ్ళింది. పొయ్యిని సంజీవరావు తనే, కుడిభుజం నొప్పికి పళ్ళు బిగించి, విరక్కుండా మోసుకొచ్చి వెనక కొసన దించాడు. "ఇక్కడేనా? ఇంకొంచెం ఇటా?" అని అడిగి మరీ దించాడు. చాప కన్నానికి ప్రేమమ్మ మిరపకాయల గోనె ముక్క వేసి కుట్టింది. ఎండ పడితే ఆ ముక్క దగ్గరికి వెళ్ళినవాళ్ళు ఇప్పటికీ తుమ్ముతారు.

కోపం తగ్గిందా అంటే, లేదు. కొత్తది మొదలైంది. సంజీవరావు అప్పటినుంచి ప్రతిదీ అడగడం పట్టుకున్నాడు. "ఏమే, లంగరు ఎత్తనా?" "ఏమే, ఎడంపక్కకి తిప్పనా?" "ఏమే, దగ్గొస్తంది, దగ్గనా?" ముఖం చాలా అమాయకంగా పెడతాడు.

"ప్రతిదానికీ నన్నడుగుతావేంటయ్యా? నీకు బుర్ర లేదా?" అని ఆవిడ గరిటె ఎత్తుతుంది. తాడు ఉంది కాబట్టి అది ఆయన దాకా వెళ్ళదు.

ఇంజను నడిచేటప్పుడు ఇంకో చిక్కొచ్చింది. దాని మోతలో ఆమె తిట్లు వినపడవు. నోరు ఆడుతుంది, చెయ్యి ఆడుతుంది, కుడిపక్కన డుగుడుగుమని ఇంజను. కొన్ని రోజులు ఆమె ఊరికే గొంతు నొప్పి తెచ్చుకుంది. తర్వాత ఒక సాయంత్రం, ఏటి నడిమధ్యలో, సంజీవరావు వెనక్కి తిరిగి ఆమె నోరు ఆడడం చూశాడు. చెయ్యి చాపి ఇంజను ఆపేశాడు. అంత నిశ్శబ్దంలో నావ తనంతట తాను నాలుగు బారలు జారింది.

"ఇప్పుడు తిట్టు" అన్నాడు, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆమెకి ఏం తిడుతున్నదో గుర్తు రాలేదు. దాంతో ఇంకా మండింది.

"అన్నం పొయ్యి మీదుంది, కుదపకుండా నడిపి చావు!" అంది.